నీటి గీత చూశాకే బేరం

సూరత్‌లో కతార్‌గామ్ దాటి తపతి నది మీది వంతెన ఎక్కితే అవతలి ఒడ్డున వచ్చేది అమ్రోలి. చాలా ఏళ్లపాటు ఈ దిక్కుకు గుర్తు పక్కనే ఉన్న ఉత్రాణ్ విద్యుత్ కేంద్రపు కూలింగ్ టవర్. 85 మీటర్ల ఆ కాంక్రీటు కట్టడాన్ని 2023 మార్చి 21న కొద్ది సెకన్లలో నేలమట్టం చేశారు. ఇప్పుడు అమ్రోలిని పోల్చుకోవడానికి చెవులు చాలు. అంజని ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మరమగ్గాలు పన్నెండేసి గంటల షిఫ్టుల్లో పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటాయి.

ఆ మగ్గాల దగ్గర నిలబడేవారిలో అత్యధికులు ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చినవారు. ఇచ్ఛాపురం దాటితే వచ్చే జిల్లా అది. సూరత్‌లో తెలుగువారి స్థావరం మాత్రం నదికి ఇవతల, లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో ఉంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి నేతపనిని నమ్ముకుని వచ్చిన పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడ స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఏ ఒడ్డున ఉన్నా ఈ ఇళ్ల కథ ఒక్కటే. తండ్రి నేసిన మీటర్ల లెక్కన కూలి తీసుకున్నాడు. కొడుకో కూతురో కాలేజీ మెట్లెక్కారు.

అమ్రోలిలోనే ఆర్ట్స్, కామర్స్ కాలేజీ ఉంది. ఇంజనీరింగ్ కోసమో, విశ్వవిద్యాలయ చదువుల కోసమో అయితే నది దాటక తప్పదు. ఎస్‌వీఎన్‌ఐటీ, వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం రెండూ నగరానికి మరో కొసన ఉన్నాయి. 2021 జనవరిలో శంకుస్థాపన జరిగిన సూరత్ మెట్రోకు రెండు మార్గాలుంటే, రెండూ అమ్రోలిని తాకవు. చాలామందికి బస్సో, బైకో గతి. కానీ ఇంట్లో పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు, వానలో చెల్లెల్ని పరీక్షకు దించాల్సి వచ్చినప్పుడు ‘ఒక పాత కారుంటే’ అన్న మాట ఇంట్లో వినబడుతుంది. స్థానికులు ‘జూనీ గాడీ’ అనే ఆ సెకండ్‌హ్యాండ్ కారు కోసం వేట అక్కడ మొదలవుతుంది.

సూరత్‌లో కారుకు ఉన్న మోజు దేశమంతటికీ తెలిసిందే. వజ్రాల వ్యాపారి సావ్‌జీ ఢోలకియా 2014 దీపావళికి తన సిబ్బందికి 491 కార్లు, 2018లో 600 కార్లు పంచి పత్రికలకెక్కారు. మగ్గం కూలీ ఇంటికి అలాంటి దీపావళి రాదు. కాలేజీ కుర్రాడి చేతిలో ఉండేది మహా అయితే లక్షన్నర, రెండు లక్షలు. అందులో సగం చీటీ పాట డబ్బు. అప్పు తెద్దామంటే పాత కారు రుణానికి వడ్డీ కొత్త కారు రుణం కన్నా ఎక్కువ. విద్యార్థికి సొంత ఆదాయం ఉండదు. తండ్రిని సహ రుణగ్రహీతగా చూపాలంటే, మీటర్ల లెక్కన కూలి తీసుకునేవాడికి జీతం స్లిప్పు ఎక్కడిది? కాబట్టి బేరం నగదులోనే జరుగుతుంది. ఆ డబ్బు ఒకసారి పోతే మళ్లీ కూడబెట్టేసరికి చదువే అయిపోతుంది.

అందుకే అందరూ ముందు ధర అడుగుతారు. అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదని సూరత్ చరిత్రే చెబుతుంది. 2006 ఆగస్టు 7 నుంచి 9 వరకు ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీరు ఒక దశలో సుమారు 9 లక్షల క్యూసెక్కులకు చేరింది. తపతి పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచేసింది. నాటి కార్లు ఈనాడు రోడ్డు మీద దాదాపు లేవు. కానీ నీటి కథ ముగియలేదు. నగరం గుండా పోయే ఖాడీలు, అంటే వాగులు, పెద్ద వాన పడితే వీధుల్లోకి వస్తాయి. 2025 జూన్‌లోనూ లింబాయత్, పర్వత్ పాటియా వంటి ప్రాంతాలు నీట మునిగాయి. తెలుగు పాఠకులకు దూరంగా వెళ్లనక్కర్లేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ చూసిన దృశ్యాలు ఇవే. కార్లు పైకప్పుల దాకా మునిగాయి.

మునిగిన కార్లన్నీ తుక్కు కావు. కొన్నింటికి బీమా సంస్థ పరిహారం చెల్లించి, మిగిలిన బండిని వేలం వేస్తుంది. కొన్నవాడు కడిగి, సీట్లు మార్చి, రంగు వేసి మరో ఊళ్లో అమ్మకానికి పెట్టవచ్చు. నీరు తగిలిన కారు అమ్మిన రోజు బాగానే నడుస్తుంది. వైర్ల కీళ్లలో తుప్పు ఊరడానికి, ఇంజన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె మొరాయించడానికి నెలలు పడుతుంది. అప్పటికి అమ్మినవాడి ఫోన్ మోగదు. సాటి కార్లకన్నా యాభై వేలు తక్కువకు వస్తున్న బండి గురించి సంతోషించే ముందు అనుమానించాల్సింది ఇందుకే.

నీటి జాడ పట్టుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాలి. పైన శుభ్రంగా ఉండి లోపలి భాగంలో బురద గీత కనిపిస్తే అదే నీరు చేరిన ఎత్తు. ముందు సీట్ల కింది పట్టాలకు, బోల్టులకు తుప్పు ఉందా, స్టెప్నీ గుంటలో ఒండ్రు మిగిలిందా, హెడ్‌లైట్ల లోపల ఆవిరి పట్టిందా చూడాలి. కార్పెట్ ఎత్తి వాసన చూడాలి. కారు నిండా అత్తరు ఘాటు కొడితే మరింత జాగ్రత్తపడాలి. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే ఇక బేరం అవసరం లేదు. బండిని పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌ను వెంట తీసుకెళితే అయ్యే ఖర్చు కారు ధరలో లెక్కకు రాదు.

మీటరు చూపించే కిలోమీటర్లను నమ్మడం కూడా పాత అమాయకత్వమే. ఆ అంకెను వెనక్కి తిప్పడం కష్టమేమీ కాదు. సర్వీసు రికార్డులో ప్రతిసారీ రాసిన కిలోమీటర్లతో పోల్చాలి. టైరు పక్కన ముద్రించే నాలుగంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ముప్ఫై వేలే తిరిగిందన్న బండికి అరిగిన పెడళ్లు, కొత్త టైర్లు ఉంటే లెక్క ఎక్కడో తప్పినట్టే.

ఇంజన్ తర్వాత కాగితం. నిజానికి విద్యార్థిని ఎక్కువకాలం వెంటాడేది ఇదే. అమ్మినవాడి సంతకాలున్న ఖాళీ 29, 30 ఫారాలు చేతిలో పెట్టి ‘పేరు తర్వాత మార్చుకోవచ్చు’ అనడం పాత కార్ల బజారులో మామూలు. మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవారు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. తెలపకపోతే? ప్రమాదం జరిగిన నాటికి రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. మధ్యలో బండి ఎన్ని చేతులు మారినా సరే. ఇది అమ్మేవాడికి ఎంత హెచ్చరికో కొనేవాడికీ అంతే. పేరు మారని బండికి బీమా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటు వచ్చినా, సొంత నష్టానికి పరిహారం కావాలంటే 14 రోజుల్లో దరఖాస్తు చేసి పాలసీని తన పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ కొత్తవారికి రాదు.

2023 ఏప్రిల్ నుంచి కేంద్ర నిబంధనలు మారాయి. పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార ధ్రువపత్రం పొందాలి. బండి తమ చేతికొచ్చిన సంగతి ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. ఆ తర్వాత దాని బాధ్యత వారిదే. డీలరును మొదట అడగాల్సింది ఆ పత్రం. రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి ఎం-పరివాహన్ యాప్‌లో చూస్తే బండి వయసు, బీమా గడువు తెలుస్తాయి. ఆర్‌సిలో బ్యాంకు పేరుంటే అప్పు తీరిన పత్రం, 35వ ఫారం లేకుండా డబ్బు ఇవ్వకూడదు. చెల్లించని చలాన్లు అమ్మినవాడితో పోవు. ఛాసిస్ నంబరును ఆర్‌సితో అంకె అంకె పోల్చి చూడాలి.

ఇక ఏ కారు? గుజరాత్‌కే దీనికి సంబంధించిన ఓ పాఠం ఉంది. సింగూరు నుంచి 2008లో తరలివచ్చిన నానో సానంద్‌లో తయారైంది. ఇప్పుడు ఆ మోడల్ లేదు. జనరల్ మోటార్స్ హలోల్ ప్లాంటును 2017లో మూసేసి, ఆ ఏడాది చివరికి దేశంలో అమ్మకాలే ఆపేసింది. సానంద్‌లోనే ప్లాంటు పెట్టిన ఫోర్డ్ 2021లో దేశంలో కార్ల తయారీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. తయారీదారు వెళ్లిపోయిన కారు ధర పడిపోతుంది. మంచి కారు చవగ్గా దొరికిందనిపిస్తుంది. విడిభాగం కోసం వారాల తరబడి తిరిగినప్పుడు ఆ చవక ఖరీదు తెలుస్తుంది. వీధి చివరి మెకానిక్ కళ్లు మూసుకుని విప్పగల ఆల్టో, వ్యాగన్ఆర్ లాంటివే విద్యార్థికి క్షేమం. సీఎన్‌జీ బండయితే సిలిండర్‌కు మూడేళ్లకోసారి జరగాల్సిన పీడన పరీక్ష ధ్రువపత్రం చూడాలి.

కొనే ధరతో లెక్క అయిపోదు. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగితే 750 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పాత బండికి 50 లీటర్లు కావాలి. లీటరు 95 రూపాయలనుకుంటే నెలకు 4,750 రూపాయలు. బీమా, టైర్లు, బ్యాటరీ వేరు. చేతిలో రెండు లక్షలుంటే లక్షన్నర దాటకుండా కొని, మిగిలింది మొదటి ఏడాదికి దాచుకోవడం తెలివైన పని. అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్త కారు ధర తగ్గాక పాత కారుకు పాత ధరే అడిగేవాడితో గట్టిగా బేరమాడే హక్కు కొనేవాడికి ఉంది.

సూరత్ తెలుగు కుటుంబాలకు మరో లెక్క కూడా ఉంది. జీజే-05 నంబరు బండిని పండగకు సిరిసిల్ల తీసుకెళ్లి రావడం వేరు, అక్కడే ఉంచేయడం వేరు. ఏడాది దాటి మరో రాష్ట్రంలో ఉంచితే తిరిగి రిజిస్టర్ చేయించాలి. అందుకు సూరత్ ఆర్‌టీవో నుంచి ఎన్‌ఓసీ, తెలంగాణలో బండి వయసును బట్టి జీవితకాల పన్ను తప్పవు. చదువయ్యాక ఊరికి పోదామనుకునేవారు ఇది ముందే కలుపుకోవాలి.

ఇన్ని చూశాక నచ్చిన కారు చేజారవచ్చు. చుట్టాల్లో ఎవరో నవ్వవచ్చు కూడా. అయినా తండ్రి మగ్గం దగ్గర ప్రతి మీటరూ వెలుతురులో పరిచి, తెగిన పోగు లేదని చూసుకున్నాకే తాకాను చుడతాడు. ఆ డబ్బుతో కొనే బండిని కొడుకు అంత శ్రద్ధగానూ చూడాలి. అమ్రోలి వంతెన కింద తపతి ఏడాదిలో ఎక్కువ నెలలు నెమ్మదిగానే పారుతుంది. దాన్ని చూసి నది ఎప్పుడూ ఇంతేనని ఈ ఊళ్లో ఎవరూ అనుకోరు. కడిగి మెరిపించిన కారు విషయంలోనూ అలాగే ఉండాలి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడటానికి పట్టేది పది సెకన్లు.