అమ్మ మాత్రలు

పావగడ తాలూకా క్యాతగానచెర్లు నుంచి వచ్చే తల్లీకొడుకులు వాళ్ళు. ఊరు కర్ణాటకదైనా ఇంట్లో మాట తెలుగే. వేరుశనగ చేన్లో కొడుక్కి ఫిట్స్ వచ్చి పడిపోతే, పక్కవాళ్ళు చేతిలో ఇనప తాళంచెవి పెట్టారు. బెంగళూరులో స్కాన్ తీస్తే గ్లయోబ్లాస్టోమా, మెదడు గడ్డల్లో మహా మొండిది. ఆపరేషన్, రేడియేషన్, టెమోజోలమైడ్ కీమో అన్నీ అయ్యాయి. గడ్డ ఎడమవైపు కావడంతో మాట తడుముకుంటాడు. నా దగ్గరికొచ్చేది ఫిట్స్ మాత్రలకు.

ఆ రోజు తల్లి సంచిలోంచి గాబాపెంటిన్ స్ట్రిప్పు తీసి బల్లమీద పెట్టింది. షుగర్‌తో వచ్చిన ఆమె అరికాళ్ళ మంటకు నేను రాసినవే. పదికి పదీ అట్లే ఉన్నాయి.

"మనవడు ఫోన్లో చూసినాడు సార్, గడ్డకు ఈ మాత్రే పనిచేస్తుందంట. నా మంట నేను ఓర్చుకుంటా. వానికియ్యండి."

మనవడు చూసింది అబద్ధం కాదు. గాబాపెంటిన్‌ను 1993లో అమెరికాలో అనుమతించింది ఫిట్స్‌కే. 2023లో శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టర్లు, మెలకువగా ఉన్న రోగులకు ఆపరేషన్ బల్లమీదే బొమ్మలు చూపి పేర్లు చెప్పమన్నారు. మాట వెతుక్కుంటుంటే గడ్డ పాకిన చోట కూడా కరెంటు కదిలింది. గడ్డ త్రాంబోస్పాండిన్ అనే ప్రోటీన్‌తో నరాలకు ముడులు వేసుకుని, వాటి చురుకుతోనే పెరుగుతోంది. ఎలుకల్లో గాబాపెంటిన్ ఆ పెరుగుదలను తగ్గించింది. 2025లో బోస్టన్ వాళ్ళు పాత రికార్డులు తిరగేస్తే, ఈ మాత్ర వాడినవాళ్ళలో సగంమంది 16 నెలలు దాటి బతికారు. వాడనివాళ్ళలో సగంమందికి 12 నెలలే.

నాలుగు నెలలు! అది చదివిన రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. కానీ వాల్‌ప్రోయేట్ నాకు గుర్తుంది. ఆ ఫిట్స్ మందు మీదా 2011లో ఇట్లాగే ఆశపడ్డాం. 2016లో 1,869 మంది లెక్కలు కలిపి చూస్తే లాభమేమీ కనబడలేదు. పాత రికార్డుల్లో ఎవరికి మందు రాశారో, ఎందుకు రాశారో అన్నది కూడా ఫలితంలో కలిసిపోతుంది. రోగులను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా పంచి చూస్తేగానీ నిజం తేలదు.

"అయితే వద్దంటారా సార్?"

"వద్దనడం లేదమ్మా, ఇంకా తేలలేదంటున్నా. ఇప్పుడు వాడుతున్న మాత్రలకే మగతగా ఉంటున్నాడు. ఇదీ కలిస్తే తూలి పడతాడు. వాడి ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా తప్పనీయొద్దు. నీ మాత్ర నువ్వే వేసుకోవాల."

ఆమె స్ట్రిప్పు వైపు చూస్తూ కూర్చుంది. అంతసేపూ మాట్లాడని కొడుకు చెయ్యి చాచి దాన్ని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"రాత్రికి..." అని ఆగాడు. మాట దొరకలేదు. కాసేపటికి దొరికింది. "నేనే ఇస్తా మా."