పత్మాసు ద్వీపయాత్రకు మా సన్నాహము

నాలుగు ప్రక్కల నీటిచే చుట్టబడిన భూభాగము ద్వీపమని మా విద్యార్థులు భూగోళ పాఠమున కంఠస్థము చేయుదురు. ఆ లక్షణమున ఒక మాట కొరవడినదని ఈ సంవత్సరము నాకు తోచినది. మనకు వలసినప్పుడు గాక, గాలియు ఓడయు సమ్మతించినప్పుడు మాత్రమే చేరదగిన భూమి ద్వీపము. ఈ సంగతి నేను పుస్తకములవలన నేర్చినది కాదు. వేసవి సెలవులలో ఒక చిన్న గ్రీకు ద్వీపమునకు పోవ నుద్దేశించి, కొన్ని నెలలుగా పటములను, ఓడల వేళలను ముందిడుకొని కూర్చుండుటవలన నేర్చితిని. ప్రయాణ మింకను జరుగలేదు. అయినను దాని సన్నాహమే మాకొక పాఠశాల యైనది గనుక, ఆ పాఠమును ఈ పత్రికాముఖమున చదువరులకు విన్నవించుచున్నాను.

ఆ ద్వీపము పేరు పత్మాసు. అది ఈజియను సముద్రమున, నేటి తుర్కీ తీరమునకు చేరువగా నున్నది. వైశాల్యము సుమారు 34 చదరపు కిలోమీటర్లు. నివాసులు ఇంచుమించు 3,000 మంది. విమానాశ్రయము లేదు. పటమున చూచిన, మూడు రాతిదిబ్బలను సన్నని మెడలతో అతికించినట్లుండును. నడుమ స్కాలా అను రేవు. దానిపై కొండమీద ఖోరా అను తెల్లని ఊరు. ఆ ఊరి నడినెత్తిన కోటను బోలిన యోహాను మఠము. ప్రకటన గ్రంథకర్తయైన యోహాను ఈ ద్వీపమున నుండెనని ఆ గ్రంథపు మొదటి అధ్యాయమే తెలుపుచున్నది. దొమీషియను చక్రవర్తి కాలమున, క్రీ.శ. 95 ప్రాంతమున, ఆయన నచ్చటికి వెడలగొట్టిరని ప్రాచీన సంప్రదాయము. ఒకనాడు శిక్షగా పంపబడిన చోటికి నేడు మనుష్యులు సొమ్ము కూడబెట్టుకొని విశ్రాంతికై పోవుట వింతయే.

ఈ కోరిక మొదట నాది కాదు, మా అమ్మగారిది. ఆమె ముప్పది సంవత్సరములు బైబిలు స్త్రీగా కృష్ణా డెల్టా పల్లెలలో కాలినడకను తిరిగినవారు. పొలమునుండి వచ్చిన స్త్రీలను సాయంకాలము దీపము చుట్టును కూర్చుండబెట్టి గ్రంథము చదివి వినిపించుచుండిరి. ఎఫెసు మొదలు లవొదికయ వరకు ఏడు సంఘముల పేర్లు బాల్యమున నాకు మా వీధిలోని యిండ్ల పేర్లవలె తెలియుటకు ఆమెయే కారణము. ఇప్పు డామెకు 74 ఏండ్లు. మోకాళ్ళు రెండును అరిగిపోయినవి. కీలు మార్చు శస్త్రచికిత్స చేయించుట మంచిదని వైద్యుడు చెప్పియున్నాడు. నేనును నా భార్యయు చిట్టీ కట్టి కూర్చిన సొమ్ము, చికిత్సకో ప్రయాణమునకో, రెంటిలో ఒకదానికే చాలును.

మా అన్నగారు ఈ ప్రయాణమున కొప్పుకొనలేదు. “తమ్ముడూ, ముందు కాళ్ళు బాగుపడనీ, తరువాత ఎక్కడికైనా తీసుకొనిపో” అనిరి. అది న్యాయమైన మాట. దానికి నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ప్రత్యుత్తరము మా అమ్మగారే యిచ్చిరి. “మోకాలు మారిస్తే నడుస్తాను, నిజమే నాయనా. కాని మత్తుమందిచ్చి పడుకోబెట్టిన తరువాత లేస్తానని నువ్వు రాసి ఇవ్వగలవా? నడవాలని ఉన్న చోటు ఒక్కటే మిగిలింది. అది చూసి వస్తే, తరువాత మీరు చెప్పినట్టే వింటాను” అనిరి. మరల వైద్యుని కడకు పోతిమి. ఒక సంవత్సరము ఆలస్యమైనను ప్రమాదము లేదనియు, చేతికఱ్ఱ తప్పనిసరి యనియు, మెట్లు మిక్కిలి తగ్గింపవలె ననియు ఆయన చెప్పెను. అన్నగారు మారు పలుకలేదు. పది దినముల పిమ్మట టపాలో ఒక పొట్లము వచ్చినది. విప్పి చూడగా, మడిచి సంచిలో పెట్టుకొనదగిన చేతికఱ్ఱ యొకటి, దాని అడుగున రబ్బరు తొడుగు. ఉత్తరము లేదు. పెద్దవారి సమ్మతి యొక్కొక్కప్పుడు ఈ రూపమున వచ్చును.

ఇక ఏ మాసమున పోవలెనను ప్రశ్న వచ్చినది. మధ్యధరా ప్రాంతమున వానలు శీతకాలమున కురియును. వేసవి పొడిగా నుండును. జూలై, ఆగస్టు మాసములలో ఈజియను సముద్రముపై ఉత్తరపుగాలి బలముగా వీచును. దానిని నేటి గ్రీకులు మెల్టెమి యందురు. ప్రాచీనులు ఏటేట వచ్చునది యను అర్థముగల పేరుతో పిలిచిరి. ఆకాశమున మబ్బుతునక లేకుండగనే సముద్రము రేగును. గాలి మితిమీరెనా, రేవు అధికారులు ఓడలను కదలనీయరు. దీనికి కారణము, బాల్కను దేశములపై గాలియొత్తిడి హెచ్చుగను, తుర్కీ వైపున తక్కువగను ఉండుట. ఆ తుర్కీ వైపు అల్పపీడనము, మన నైరుతి ఋతుపవనములను పిలుచు ఆసియా ఖండపు గొప్ప అల్పపీడనముతో సంబంధించినదే. మన పొలములకు వాన తెచ్చు ఏర్పాటునకు అచ్చటి పొడిగాలి దూరపు చుట్టమన్నమాట. ఈ సంగతి తొమ్మిదవ తరగతిలో చెప్పగా ఒక బాలుడు లేచి, “అయితే మాష్టారూ, మనం నాట్లు వేసేటప్పుడు అక్కడ ఓడలు ఆగిపోతాయా?” అని యడిగెను. తప్పక ఆగునని కాదు గాని ఆగవచ్చు నంటిని. ఋతుపవనములను గూర్చి అంత చక్కని ప్రశ్న నేను పరీక్షాపత్రములలో నెన్నడును వేసి యెరుగను.

కావున మే మాసము నిర్ణయించితిమి. అప్పటికి మన బడులకు సెలవులు. అచ్చట ఎండ తీవ్రము కాదు. మెల్టెమి కాలమింకను రాదు. కాని మరియొక చిక్కు కలిగెను. తూర్పు సంఘమువారు ఈస్టరును పాత జూలియను పంచాంగము ననుసరించి లెక్కింతురు గనుక, 2027లో వారి పండుగ మే 2వ తేదీన వచ్చును. పండుగకు ముందటి గురువారమున పత్మాసు మఠాధిపతి ఊరి చావడిలో, ప్రజలందరు చూచుచుండగా, పండ్రెండుగురి పాదములు కడుగు ఆచార మున్నది. అది చూడవలెనని మా అమ్మగారికి గాఢమైన కోరిక. అయితే ఆ వారమున ద్వీపమంతయు యాత్రికులతో నిండును. గదులు దొరకుట కష్టము. గుంపులో నిలుచుండియే చూడవలయును. మేమేమియు ననకమునుపే ఆమె, “పన్నెండుమంది కాళ్ళు కడగడం చూడటానికి నా కాళ్ళు ఒప్పుకోవాలిగా. జనం వెళ్ళాకే పోదాం” అని నవ్విరి. ఆ నవ్వు నాకు కొంత కష్టము కలిగించినది. మే మాసపు నడిమి వారమును నిశ్చయించితిమి.

త్రోవ సంగతి. హైదరాబాదునుండి నడుమ నొకచో విమానము మారి ఏథెన్సు చేరవలెను. అచ్చటి పిరేయసు రేవున ఓడ ఎక్కవలెను. పత్మాసునకు పెద్ద ఓడలో ఇంచుమించు ఏడెనిమిది గంటలు పట్టును. కోసు, సామోసు ద్వీపములవరకు విమానమున పోయి, అచ్చటినుండి చిన్న వేగనౌక నెక్కు మార్గమును కలదు. నేను మొదట గంటలు లెక్కించి దానినే మెచ్చితిని. నా భార్య, “అత్తయ్యగారికి రెండుసార్లు సామానుతో ఎక్కి దిగడం కంటె, ఒక్కసారి ఎక్కి కూర్చోవడం నయం కదండీ” అనినది. పెద్ద ఓడ మెల్లగా పోయినను అలల కంతగా ఊగదు. దానినే యెన్నుకొంటిమి. తిరుగు విమానమునకు రెండు దినములు ముందుగనే ద్వీపమును విడువ నిశ్చయించితిమి. ఏలయన ఒకనాడు ఓడ నిలిచిపోయినను మరునాడు మిగిలియుండవలెను గదా.

గ్రీసునకు పోవుటకు షెంగెను వీసా కావలెను. దానిని ప్రయాణమునకు ఆరు నెలలలోపుననే గాని కోరరాదు. పదునైదు దినములకంటె ఆలస్యము చేయనురాదు. తక్కువపక్షము 30,000 యూరోల వైద్యఖర్చుల భీమా చూపవలెను. వయసు చెల్లినవారికి ఆ భీమా వెల హెచ్చు. ఈ కాగితముల లెక్కలన్నియు నా భార్యయే చక్కబెట్టుచున్నది. దరఖాస్తునందు ప్రయాణోద్దేశ్యము వ్రాయవలసిన చోట ఏమి వ్రాయవలెనని నేనడుగగా మా అమ్మగారు, “చూసి రావడానికి అని రాయి, అబద్ధం కాదుగా” అనిరి.

బసకు మొదట ఖోరా నాకు నచ్చినది. 1088వ సంవత్సరమున బైజాంటియను చక్రవర్తి అలెక్సియోసు కొమ్నెనోసు ఈ ద్వీపమును క్రిస్టోడూలోసు అను సన్యాసికి దానపత్రముతో నొసగగా, ఆయన స్థాపించిన మఠమే నేటికిని నిలిచియున్నది. ఆ మఠమును, ఖోరాను, ప్రకటన గుహను 1999లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. మఠ గ్రంథాలయమున, ఊదారంగు తోలుపత్రములపై వెండిసిరాతో ఆరవ శతాబ్దమున వ్రాయబడిన మార్కు సువార్త యొక్క 33 పత్రములు గలవు. 1713లో మకారియోసు కలొగెరాసు అను గురువు ఈ రాతిదీవిలో ఒక పాఠశాల స్థాపించెను. ఉపాధ్యాయునకు ఇంతకంటె ఆశ గొల్పు చోటేది? కాని ఖోరా వీధులు ఇరుకైన రాతిదారులు, మెట్లు. కనుక రేవుకడ సమతలమైన స్కాలాలో బస యేర్పరచుకొంటిమి. గుహ స్కాలాకును ఖోరాకును నడిమి దారిలో నున్నది. దాని కడకు బండి పోవును; లోనికి మాత్రము మెట్లు దిగవలయును. ఆ మెట్లకొరకే వైద్యుడు అనుమతించిన అడుగులన్నియు దాచియుంచితిమి. మఠమునకు నేనొక్కడనే యొక పూట పోయివత్తును. గ్రీకోసు అను చిన్న యఖాతపు ఒడ్డున నా భార్య కోరిన సాయంకాలము నొకటి చేర్చితిమి.

ఈ ప్రణాళికను నేనొక పెద్ద కాగితముపై గడులు గీసి వ్రాసితిని. తేదీ, స్థలము, వాహనము, ఖర్చు అని మొదట నాలుగు గడులు. తరువాత అయిదవ గడి యొకటి చేర్చితిని: అమ్మ కూర్చుండు చోటు. ఆ గడి నింపుటకు పట్టినంత కాలము తక్కిన నాలుగింటికిని పట్టలేదు. నలువది యేండ్లు దాటినవాడనై, ఒకే యింట నుండియు, ఆమె ఎంతసేపు నిలువగలరో, ఏ వేళ నొప్పి హెచ్చునో, దేనిని మాకొరకు వదులుకొందురో, దేనిని వదులుకొనరో, ఈ కాగితము ముందు కూర్చుండినప్పుడే చక్కగా తెలిసికొంటిని. ద్వీపమును గూర్చి నేర్చినదానికంటె ఇది యెక్కువ.

ప్రియ విద్యార్థులారా, మీరును ఈ సెలవులలో మీ అవ్వనో తాతనో ఎక్కడికైన తీసికొనిపోవుటకు ఇట్టి కాగిత మొకటి గీయుడు. గ్రీసు అక్కరలేదు, ప్రక్క యూరి చుట్టములయిల్లు చాలును. అయిదవ గడి మాత్రము మరువకుడు. మా కాగితమున నాలుగవ దినము ఖాళీగా నుండెను. మొన్న చూచితిని గదా, అందులో మా అమ్మగారు పెన్సిలుతో తమ గుండ్రని అక్షరములలో వ్రాసియుంచిరి: “ఊరికే సముద్రం ఎదుట కూర్చోవడం. అందరం.”