అడగకుండా చేసిన పుట్టినరోజు

గ్రూప్ టూర్‌కు డబ్బు కట్టేటప్పుడు పాస్‌పోర్టు జిరాక్సులు ఇస్తాం. ప్రయాణం రోజుల్లో ఎవరి పుట్టిన తేదీ అయినా పడితే టూర్ మేనేజర్ గుర్తుపెట్టుకుని కేకు కోయిస్తాడు. బస్సంతా చప్పట్లు కొడుతుంది, ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పడతాయి. మా భీవండిలో ఇప్పుడు పిల్లల వేసవి సెలవులకు సింగపూర్, థాయ్‌లాండ్, దుబాయ్ వెళ్ళివస్తున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అమ్మానాన్నల పుట్టినరోజు అక్కడే జరిపిస్తే వాళ్ళు జన్మలో మరచిపోరని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని 2024 జూన్‌లో సింగపూర్‌లో మా బాపుకు చేయించిన పండుగ గురించి రాస్తున్నాను. అందులో పొరపాట్లన్నీ నావే. అలాంటి ఏర్పాట్లలో ఉన్నవాళ్ళకు పనికొస్తాయని చెబుతున్నాను.

బాపు సిరిసిల్ల దగ్గరి ఊరినుంచి పద్దెనిమిదేళ్ళు దాటకముందే బతుకుదెరువుకు వచ్చాడు. 1982 జనవరిలో దత్తా సామంత్ నడిపిన సమ్మెతో బొంబాయి మిల్లులు ఆగాయి. చాలా మిల్లులు మళ్ళీ తెరుచుకోలేదు. అక్కడ ఆగిన నేత కొంత భీవండి సాంచల (మరమగ్గాల) మీదికి వచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడి నాగావ్‌లో ఒక కార్ఖానాలో చేరిన బాపు, సేట్లు మారినా నాగావ్ దాటిపోలేదు. పన్నెండు గంటల షిఫ్టు, మీటర్ల లెక్కన కూలి. ఎనిమిది గంటల పనికి చప్పుడు 90 డెసిబెల్స్ దాటకూడదని ఫ్యాక్టరీల నియమాలు చెబుతాయి. రేకుల కప్పు కింద సాంచలు వరుసగా నడిచే షెడ్డులో చప్పుడు ఆ హద్దును దాటుతుంది. నాడె అటూ ఇటూ కొట్టుకునే ఆ మోతలో బాపు చెవులు మెల్లమెల్లగా మొద్దుబారాయి. ఎదురుగా నిలబడి పెదాలు కనిపించేలా మాట్లాడితే అన్నీ అర్థమవుతాయి. పక్కనుంచో వెనకనుంచో పిలిస్తే పలకడు. ఇంట్లో అందరికీ తెలిసిన ఈ సంగతిని, ఆ సాయంత్రం ఏర్పాట్లు చేసేటప్పుడు నేను పట్టించుకోలేదు.

పాస్‌పోర్టులో బాపు పుట్టిన తేదీ 1964 జూన్ 1. అంటే ఆ రోజుకు అరవై నిండుతాయి. సర్‌ప్రైజ్‌గా ఉండాలని అవ్వకు కూడా చెప్పలేదు. లిటిల్ ఇండియాలో మా గ్రూపు రాత్రి భోజనం చేసే హోటల్‌కు కేకు తెప్పించాలని నేనే విడిగా ఆర్డరిచ్చాను. టూర్ మేనేజర్‌కు ఆ పొద్దున బస్సెక్కేటప్పుడు చెప్పాను. ఆయన ఒకటే మాటన్నాడు: "ఏడు దాటకుండా చూడండి. గార్డెన్స్ బై ద బేలో లైట్ల షో 7:45కు." సరేనన్నాను.

కేకు ఆలస్యంగా వచ్చింది. అందరి భోజనాలు అయిపోయాయి. పిల్లలు కుర్చీల్లోనే తూగుతున్నారు. మందులు వేసుకోవాల్సిన పెద్దవాళ్ళు మాటిమాటికీ టైమ్ చూసుకుంటున్నారు. బస్సులో ఎక్కువమంది మరాఠీ, గుజరాతీ కుటుంబాలవాళ్ళు. మొహమాటానికి ఎవరూ పైకి అనలేదు కానీ, మొదటి షో పోతోందని అందరికీ తెలుసు. చివరికి కేకు వచ్చాక మేనేజర్ మైకులో బాపు పేరు పిలిచాడు. పాట మొదలైంది. బాపు గోడవైపు కూర్చుని ఉన్నాడు. మైకు మోతలో ఏ మాటా ఆయనకు అందలేదు. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే, ఎవరిదో శుభకార్యం అనుకుని తనూ నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. నేను వెళ్ళి చేయి పట్టుకుని లేపితే నా మొహంలోకి చూసి అడిగాడు:

"ఎవలదిరా పుట్టినరోజు?"

"నీదే బాపూ."

ఆయన నవ్వు ఆగిపోయింది. అంతమంది ముందు ఏం చేయాలో తెలియక చాకు పట్టుకుని నా చేతి కిందే కేకు కోశాడు. ఆ రోజు శనివారం. బాపు శనివారాలు ఒక్కపొద్దు ఉంటాడు, గుడ్డు ముట్టడు. గుడ్డు లేని కేకు కావాలని చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. నోటిదాకా పెట్టిన ముక్కను మెల్లగా చేతిలోకి తీసుకుని పక్కనున్న పిల్లవాడికి ఇచ్చాడు. అందరం 8:45 షోకు వెళ్ళాం. కొందరు పిల్లలను భుజాన వేసుకుని నిలబడి చూశారు.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని బాపు తగ్గు గొంతుతో అన్నాడు: "గా తారీఖు బడిల సారు రాసిండు. నేను జంధ్యాల పున్నం ముంగట పుట్టిన. నన్నొక్క మాట అడుగుతే చెప్తుంటి గద."

మా వైపు ఆ తరం పిల్లలను బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపోవడానికి జూన్ నెల తేదీ ఒకటి వేయడం మామూలే. ఆ తేదీయే రేషన్ కార్డు మీదికి, ఆధార్‌లోకి, పాస్‌పోర్టులోకి ఎక్కింది. మా నాయనమ్మ లెక్క వేరు. క్రోధి నామ సంవత్సరం, శ్రావణం, పున్నమి దగ్గర. అరవై ఏళ్ళకు ఆ క్రోధి మళ్ళీ వచ్చింది 2024 ఉగాదికి. బాపు మనసులో తన అరవై అక్కడే ఉంది, దానికింకా రెండు నెలలకు పైగా టైముంది. నేను కాయితం చూశాను, మనిషిని అడగలేదు.

హోటల్ గదికి చేరేసరికి పది దాటింది. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ పదిన్నర అయితే ఇక్కడ ఎనిమిది, నాగావ్‌లో షిఫ్టు మారే సమయం. బాపుతో ఏళ్ళ తరబడి పక్క సాంచల మీద పనిచేసిన పెద్దాయన ఒకరున్నారు. ఇద్దరూ "బావా" అని పిలుచుకుంటారు. ఆయనకు వీడియో కాల్ చేసి ఇచ్చాను. అవతల ఇంకా సాంచలు నడుస్తున్నాయి. గది నిండా మోత వస్తుంటే పక్క గదులవాళ్ళు నిద్ర లేస్తారని ఫోన్ సౌండు పూర్తిగా తగ్గించాను. వాళ్ళ మాటలు మాత్రం ఆగలేదు. ఇద్దరూ పెదాలు చూసుకుంటూ, చేతులతో చెప్పుకుంటూ మాట్లాడుకున్నారు. వేళ్ళు నోటిదగ్గర పెడితే తిన్నావా అని. రెండు వేళ్ళు కలిపి విడదీస్తే పోగు తెగిందని. షెడ్డులో జీవితమంతా మాట్లాడుకున్న తీరు అదే. కొత్త బీము ఎక్కిందట, దారం మంచిది కాదట. బాపు కిటికీ తెర తీసి ఆయనకు వీధిదీపాలు చూపించాడు. ఆ పర్యటన మొత్తంలో బాపు అంత హుషారుగా ఉండగా నేను చూసింది అప్పుడే.

ఆ ఏడాది ఆగస్టు 19న శ్రావణ పౌర్ణమి. మా పద్మశాలీలకు మార్కండేయుడు కుల మూలపురుషుడు. పదహారేళ్ళకే ఆయువు తీరాల్సినవాడు శివుణ్ణి పట్టుకుని చావును దాటినవాడు. పుట్టినరోజు నాడు ఆయుష్షు కోసం తలచుకునే చిరంజీవుల్లో ఏడుగురి తర్వాత ఎనిమిదో పేరు ఆయనదే. ఈసారి ముందుగానే బాపును ఎదురుగా కూర్చోబెట్టి ఏం చేద్దామని అడిగాను. అడిగినవి మూడే. పొద్దున జంధ్యం మార్చుకున్నాక మార్కండేయునికి పూజ చేసి, పాలలో నువ్వులు, బెల్లం వేసి పుచ్చుకోవాలి. కార్ఖానా నుంచి బావ భోజనానికి రావాలి. మైకు, పాటలు వద్దు. అలాగే చేశాం. సిరిసిల్ల నుంచి మా అక్కా బావా వచ్చారు. బాపు అందరి మొహాలూ కనిపించేలా గది మధ్యలో కూర్చున్నాడు, ఎవరేమన్నా బదులిచ్చాడు.

టూర్‌లో పుట్టినరోజు చేయవద్దని నేననను. కొత్త ఊళ్ళో, నలుగురి మధ్య జరుపుకోవడం ఇష్టపడేవాళ్ళున్నారు. చేసేముందు మాత్రం ఆ మనిషిని అడగండి. ఏ తేదీ తనదనుకుంటున్నారో, ఆ రోజు ఉపవాసముందో, అందరి ముందు నిలబడటం ఇష్టమో కాదో తెలుసుకోండి. చెవులు సరిగా వినబడని వారైతే మైకు పెట్టించకండి, ఎదురుగా వెళ్ళి చెప్పండి. కేకు సంగతి బయలుదేరకముందే టూర్ మేనేజర్‌తో మాట్లాడండి. ఆయన ప్రోగ్రాంలో ఎక్కడ పది నిమిషాలు దొరుకుతాయో ఆయనకు తెలుస్తుంది. బస్సులో ప్రతి కుటుంబమూ మనలాగే కూడబెట్టిన డబ్బుతో వచ్చింది, వాళ్ళ సాయంత్రాన్ని మన వేడుకకు వాడుకునే హక్కు మనకు లేదు. ఇంటిదగ్గరి ఆప్తులకు కాల్ చేసే టైమ్ ముందే లెక్కవేసుకోండి. వాళ్ళకు తీరిక ఉన్న వేళ మనకు అర్ధరాత్రి కావచ్చు.

అడిగితే సర్‌ప్రైజ్ పోతుందని నేను భయపడ్డాను. నిజమే, అడిగితే పోయేది అదొక్కటే. అడగనందుకు మాత్రం బాపు తన అరవై ఏళ్ళ వేడుకలో ఎవరిదో పుట్టినరోజుకు వచ్చినవాడిలా నిలబడాల్సి వచ్చింది.