లాభము, రెండు, మూడు

మా తాతగారి కళ్ళములో ధాన్యము కొలుచునపుడు ‘ఒకటి’ అను మాట వినబడెడిది కాదు. కొలుచువాడు మొదటి కుంచము పోయుచు ‘లాభం’ అనెడివాడు. పిదప రెండు, మూడు అని సాగించెడివాడు. తరువాతి కుంచము నిండువరకు ఆ మాటనే పాటవలె పలుకుచుండెడివాడు. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును విని లెక్క తప్పకుండుటకే ఆ పాట. ఆరు తరువాత ఏడు రాదు, ‘ఆరున్నొకటి’ వచ్చును. ఏడు అన్నచో ఏడుపు వినబడునని పెద్దల శంక.

నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. మెట్రిక్ కొలతల చట్టము 1956లోనే వచ్చినను, 1968లో, నా యెనిమిదవ యేట, మా యూరి కళ్ళములలో ఇంకను కుంచమే చెల్లుచుండెను.

ఆ యేడు పంట చేతికి రాగానే ఒక చిన్నరైతు మాకు అప్పు తీర్చ వచ్చెను. ఆషాఢములో తిండికి తీసికొన్న ధాన్యమును వడ్డీతో కూడ తెచ్చెను. కొలత మొదలయ్యెను. ‘లాభం’ అను మాట వినగానే నేను, “తాతయ్యా! లాభము ఎవరికి?” అని అడిగితిని.

కొలుచువాని చేయి ఆగెను. రైతు తలవంచుకొనెను. ఆషాఢములో అప్పిచ్చునపుడు కఱ్ఱతో కుంచపు తల కొట్టి కొలిచిరి. ఇప్పుడు కుంచముపై ధాన్యము గోపురమువలె నిలిచియుండెను. రెండును నేను చూచినవే; భేదము మాత్రము అప్పుడే తోచెను.

తాతగారు చాలసేపు మాటాడలేదు. పిదప తామే లేచి, కఱ్ఱతో కుంచపు తల కొట్టి, “మొదటినుండి కొలువుము” అనిరి. మరల పాట సాగెను. ఈసారి రైతు కూడ గొంతు కలిపెను.

తెలుగు పండిత శిక్షణ పొందునపుడు, లాభశబ్దము ‘లభ్’ ధాతువునుండి పుట్టినదనియు, పొందుట దాని అర్థమనియు నేర్చుకొంటిని. ఏడాది కష్టమునకు చేతికందిన తొలికుంచమును ఉత్త అంకెతో పిలువ మనసొప్పక, మన రైతులు దానికి ఆ పేరు పెట్టిరని నా తలంపు. అట్టి మాటను పలుకుచు ఎదుటివాని గింజను అదనముగా లాగుకొనుట ఆ మాటకే అవమానము.

బాలలారా! పెద్దల నోట పాతమాట వినబడినపుడు దాని అర్థమడుగుటకు జంకకుడు. ఒక్కొక్కప్పుడు ఆ ప్రశ్న పెద్దలకును పాఠమగును.

నేడు ధాన్యమును కాటాపై తూచుచున్నారు. అయినను ఇంట బియ్యము కొలుచునపుడు నా నోట మొదట వచ్చునది ‘లాభమే’. ఆ వెంటనే నా చేయి డబ్బా తల సరిచేయును.