లాటిన్ తర్వాత ఏ భాష?

చెన్నై నుంచి రేణిగుంట వైపు రైలెక్కితే తిరువళ్లూరు, అరక్కోణం దాటాక తిరుత్తణి. మనవాళ్లు మురుగన్ కొండకని దిగే ఊరు. 1960 ఏప్రిల్ 1న ఇది చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఎన్నో ఇళ్లలో మాట మాత్రం తెలుగే.

మూడేళ్లకు, 1963లో, రోములో రెండవ వాటికన్ మహాసభ కతోలిక పూజలోకి ప్రజల భాషలను రానిచ్చింది. 1969లో కొత్త పూజాక్రమం ప్రకటించారు. ఆ ఏడే మన దేశానికని నేలమీద కూర్చోవడం, అంజలి, హారతి వంటి 12 పద్ధతులకు అనుమతి వచ్చింది. పాతకాలం వారికి ఇదంతా మింగుడుపడలేదు. ఇది హిందూ పద్ధతంటూ మద్రాసులో విక్టర్ కులందై ఏకంగా పుస్తకమే వేశారు. హారతితో నాకైతే పేచీ లేదు. (పెళ్లిలో హారతి పట్టని తెలుగు ఇల్లుందా?)

లాటిన్ సంగతి వేరు. అది ఎవరి ఇంటి భాషా కాదు గనుక దాని ముందు తమిళులూ తెలుగువారూ సమానమే. అది తప్పుకున్నాక ఇక్కడ ప్రజల భాషంటే తమిళమే అయింది. పాత పూజకు 2007లో పోప్ బెనెడిక్ట్ దారి విడిచారు, 2021లో పోప్ ఫ్రాన్సిస్ బిగించారు. ఆ వాదులాటలో ఇటువంటి సరిహద్దు ఊళ్ల ఊసే రాదు.

మీరున్నచోట తెలుగు పూజ నెలకెన్నిసార్లో రాసి పంపుతారా?