ముల్లు ఎప్పుడు లేస్తోంది?

విజయవాడ ఆటోనగర్ 1960ల్లో లారీల కోసం పుట్టింది. చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాదు–మచిలీపట్నం రహదారి కలిసే ఊరు కావడంతో లారీలకు బాడీ కట్టేవాళ్లు, లేత్ షాపులవాళ్లు, పాత బండ్లు విప్పి సామాన్లు అమ్మేవాళ్లు ఇక్కడికే చేరారు. ఇప్పుడు ఆ సందుల్లో కార్ల షెడ్లు కూడా బోలెడు. ఎండలు ముదిరాక ఈ షెడ్లలో తరచూ వినపడే మాట ఒకటుంది: బండి వేడెక్కుతోంది.

మేం వెళ్లిన షెడ్డులో పాత డీజిల్ కారు ఒకటి బానెట్ ఎత్తి ఉంది. ఏలూరు నుంచి వచ్చింది. అప్పటికే వేరే చోట ఫ్యాన్ మోటారు మార్చారు, వాటర్ బాడీ (నీళ్లు తిప్పే పంపు) మార్చారు. డబ్బు పోయింది, వేడి తగ్గలేదు. మేస్త్రి మాత్రం స్పానర్ పట్టుకోకుండా ఓనర్‌ని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టారు.

"టెంపరేచర్ ముల్లు ఎప్పుడు లేస్తోంది సార్? సిగ్నల్ దగ్గరా, రోడ్డెక్కాకా?"

"ఊళ్లో ఏం కాదండీ. హైవే మీద ఏసీ వేసుకుని ఎనభై దాటితే పైకి పోతోంది."

ఆ జవాబుతోనే సగం దారి తెలిసిపోయింది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడెక్కి, కదలగానే తగ్గితే ముందు ఫ్యాన్‌నీ, దాని రిలేనీ, సెన్సర్‌నీ చూడాలి. బండి నిలబడి ఉన్నప్పుడు రేడియేటర్‌కి గాలి కొట్టేది ఫ్యానే కదా. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలి ఎటూ తగులుతుంది. అయినా వేడెక్కుతోందంటే ముందుగా అనుమానించాల్సింది రేడియేటర్‌లో నీరు సరిగా తిరగడం లేదని, లేదా దాని సందుల్లోంచి గాలి దూరడం లేదని. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు ఎరుపులోకి పోతే మరో దారి: నీళ్లు తక్కువ కావడమో, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీటిని రేడియేటర్‌కి వదిలే వాల్వు) మూసుకుపోవడమో, లోపల గాలి చిక్కుకోవడమో.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీశారు. కూలెంట్ రంగు జాడే లేదు. తుప్పు రంగు బోరు నీళ్లు. మూత రబ్బరు బిరుసెక్కి పగిలింది. చిన్న వస్తువని మనం పట్టించుకోని ఈ మూత చేసే పని పెద్దది. మామూలు నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. మూత బిగువుగా ఉండి లోపల ఒక బార్ దాకా అదనపు పీడనం నిలబడితే అదే నీరు 120 దాకా మరగదు. అందుకే వేడి మీద మూత తీయకూడదు. పీడనం ఒక్కసారిగా పడిపోగానే నీళ్లు ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

మేస్త్రి తరవాత చూసింది హెడ్ గాస్కెట్, అంటే సిలిండర్ హెడ్ కింది సీలు. రేడియేటర్ నోటి దగ్గర నీలం ద్రవం ఉన్న గాజు గొట్టం పెట్టి ఇంజిన్ నడిపించారు. సిలిండర్ పొగ నీళ్లలోకి వస్తుంటే ఆ ద్రవం రంగు మారుతుంది. మారలేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పాలకాఫీ రంగుకు తిరగలేదు. ఓనర్ ఊపిరి పీల్చుకున్నారు. హెడ్ దింపే పనైతే ఖర్చు ఎన్నో రెట్లు అవుతుంది.

ఇక మిగిలింది రేడియేటర్. ఇంజిన్ వేడిగా ఉండగా దాని మీద అక్కడక్కడా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూశారు. అంచులు కాలుతున్నాయి, నడుమ ఒక పట్టీ మాత్రం చల్లగా ఉంది. అంటే ఆ గొట్టాల్లోకి వేడి నీరు రావడమే లేదు. బోరు నీటిలోని సున్నం ఏళ్ల తరబడి పేరుకుని మూసేసింది. విప్పాక ఇంకోటి బయటపడింది. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దుమ్మూ పురుగులూ దట్టంగా పట్టేశాయి. బయట నుంచి చూస్తే కనపడని చోటది.

పాతకాలపు ఇత్తడి, రాగి రేడియేటర్లయితే పై ట్యాంకు ఊడదీసి, గొట్టాల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేసి, మళ్లీ టంకం పెట్టేవారు. ఆ చేతిపని తెలిసినవాళ్లు లారీల పుణ్యమా అని ఇంకా ఉన్నారు. కార్లకు వచ్చేవి ఎక్కువగా ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్లు. వాటికి ఆ వైద్యం కుదరదు. దీనికి కొత్తదే వేశారు.

ఈ కారులో థర్మోస్టాట్ కూడా లేదు. ఎవరో పీకేశారు. "మన ఎండలకి అదెందుకు" అనే మాట చాలా షెడ్లలో చెలామణిలో ఉంది. అది తప్పు, బండికి చేటు. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ తన వేడికి చేరడానికే చాలాసేపు పడుతుంది. ఆలోగా డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో చెమ్మ మిగిలిపోతుంది. పైగా అసలు జబ్బు కొన్నాళ్లు కనపడకుండా పోతుంది. షెడ్డు కుర్రాడు కొత్త థర్మోస్టాట్‌ని గిన్నెడు నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాడు. 82 డిగ్రీల దగ్గర లోపలి మైనం కరిగి, ఉబ్బి, వాల్వ్‌ని నెట్టింది. "తెరుచుకుందన్నా" అన్నాడు. బిగించారు.

కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోశారు. మంచు ఎరగని ఊళ్లో ఇదెందుకంటే, మరిగే స్థానాన్ని పెంచుతుంది, తుప్పునూ సున్నాన్నీ రానివ్వదు. ముందు చక్రాలు ఎత్తులో పెట్టి, హీటర్ పూర్తిగా తెరిచి, లోపలి గాలి బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడిపించారు.

పక్క బల్ల మీద మరో బండి సిలిండర్ హెడ్ ఉంది. స్కేలు ఆనించి కింద సన్నటి ఫీలర్ గేజ్ రేకు దూర్చితే లోపలికి పోతోంది, అంటే హెడ్ వంగింది. చాలా ఇంజిన్లలో ఈ వంపు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాటకూడదు. ఆ బండి నీళ్లన్నీ హోస్‌లోంచి కారిపోయాక కూడా నడిచింది. నీరు లేకపోతే సెన్సర్‌కి తగిలేది ఆవిరీ గాలీ మాత్రమే. ముల్లు కిందికి దిగిపోవచ్చు. తగ్గిందనుకుని ఇంకాస్త తోలేసరికి హెడ్ వంగిపోయింది. కాబట్టి ముల్లు లేస్తే వెంటనే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, పక్కకు తీసి ఇంజిన్ కట్టేయాలి. కాలిపోతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు పోయకూడదు.

సాయంత్రం స్కానర్ పెట్టి, ఏసీ వేసి గన్నవరం దాకా వెళ్లొచ్చారు. ఎనభై మీద పోతున్నా 92 డిగ్రీలు దాటలేదు. మర్నాడు పొద్దున బండి తీయకముందే మట్టం చూసుకోమనీ, తగ్గితే కూలెంటే పోయాలి గానీ బోరు నీళ్లు పోయొద్దనీ ఓనర్‌కి చెప్పి మేస్త్రి తరవాతి బండి బానెట్ ఎత్తారు.