కుక్క కన్నా ముందు గొయ్యిని చూడాలి

ఇళ్లకు వెళ్లి కుక్కలకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. గాజువాక, కూర్మన్నపాలెం, దువ్వాడ, ఉక్కునగరం, ఇటు మల్కాపురం, శ్రీహరిపురం దాకా తిరుగుతాను. కూర్చోవడం, ఆగడం, పిలిస్తే రావడం నేర్పమని అడిగేవాళ్లే ఎక్కువ. ఎండలు ముదిరేసరికి మాత్రం మాట మారుతుంది. "పెరడంతా తవ్వీసిందండీ. మల్లె అంటు పీకీసింది. ఎలాగైనా మానిపించండి" అంటారు.

అలాంటి ఇంట్లో నేను ముందు గొయ్యి దగ్గరకు వెళ్తాను. అది ఎక్కడుంది, ఎంత లోతుంది, మట్టి తడిగా ఉందా, గోడ వెంబడి ఉందా గేటు కింద ఉందా, తవ్విన వేళకు ఇంట్లో ఎవరున్నారు? ఇవి తెలియకుండా కుక్కకు ఏదో నేర్పడం మొదలుపెట్టడం నాకిష్టం ఉండదు. వేడికో, తిండి వాసనకో, ఎలుక చప్పుడుకో, భయానికో, ఏమీ తోచకో కుక్క తవ్వుతుంది. ఒక్కో కారణానికి ఒక్కో రకం గొయ్యి పడుతుంది. కారణం అలాగే ఉంచి గొయ్యి పూడిస్తే సాయంత్రానికి పక్కనే ఇంకోటి తయారవుతుంది.

మన ఊళ్లో ఎక్కువగా కనిపించేది చల్లదనం కోసం తవ్విన గొయ్యి. జానెడు లోతు, కుక్క ముడుచుకుని పడుకుంటే సరిపోయేంత వెడల్పు. కుళాయి దగ్గరో, ఏసీ నీళ్లు కారే చోటో, ట్యాంకు నీడలోనో ఉంటుంది. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా పడుతుంది. నాలుక బయటపెట్టి రొప్పుతుంటే నోట్లో తడి ఆరుతుంది, ఆ ఆరడంతోనే వేడి దిగుతుంది. గాలి నిండా తేమ ఉన్న విశాఖ మే నెల మధ్యాహ్నం ఆ తడి సరిగా ఆరదు. ఎంత రొప్పినా లాభం లేక, పైమట్టి తీసేసి కింది చల్లమట్టికి పొట్ట ఆనిస్తుంది. మంచు మీద బండ్లు లాగడానికి పెంచిన హస్కీని కొని, డాబా మీద రేకుల షెడ్డులో కట్టేసిన ఇళ్లు కూడా చూశాను. నా మటుకు, ఈ ఉక్కపోతలో హస్కీని కొనకపోవడమే దానికి చేసే మేలు.

ఈ రకం గొయ్యిని నేను పూడ్చనివ్వను. నీడపట్టున ఒక మూల దానికి వదిలేయమంటాను. పైన గ్రీన్ నెట్ కట్టించి, పక్కన నీళ్ల తొట్టి పెట్టిస్తాను. వీలుంటే మధ్యాహ్నం పూట లోపల గచ్చు మీద, ఫ్యాను కింద చోటిమ్మంటాను. అంతటితో మిగతా పెరడు బతికిపోతుంది.

మొక్క మొదట్లో తవ్వితే ఎరువు ఏం వేశారని అడుగుతాను. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లం. చేపల పొలుసు, పేగులు, రొయ్యల తొక్కలు తీసుకెళ్లి కరివేపాకు పాదులోనో కొబ్బరి మొదట్లోనో పాతేస్తాం. మట్టి కప్పాక ఆ వాసన మనకు తెలియదు. కుక్కకు మాత్రం అది అక్కడే ఉందని ఇంకా బాగా తెలుస్తుంది. ఎముకల పొడి వేసినా అంతే. ఇక్కడ కుక్కకు నేర్పాల్సింది ఏమీ లేదు. ఎరువు మార్చాలి, లేదా పాదు మీద కోళ్ల గూటికి వాడే వల పరిచి, దాని మీద పలచగా మట్టి చల్లాలి. గోళ్లకు వల తగిలితే చాలా కుక్కలు రెండోసారి అక్కడ చెయ్యి పెట్టవు.

ఎరువుల్లో ఒకదాని గురించి మాత్రం గట్టిగా చెప్తాను. అది ఆముదం పిండి. గులాబీలు బాగా పూస్తాయని నర్సరీలో కొనుక్కొచ్చి పాదుల్లో కలుపుతారు. "పిండే కదా బాబూ, తింటే ఏటవుద్ది?" అని ఒక పెద్దావిడ అడిగింది. ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది. గింజ నలిపి నూనె తీసినప్పుడు ఆ విషం నూనెలోకి పోదు, పిండిలోనే మిగిలిపోతుంది. బాగా వేడి చేసి విరిచేయకపోతే అది అలాగే ఉంటుంది. కుక్కలకు ఆ పిండి రుచి నచ్చుతుంది, తవ్వి మరీ తింటాయి. వాంతులు, నెత్తురు విరేచనాలు కొన్ని గంటల తర్వాత మొదలవుతాయి. ఈలోగా మనం ఏమీ కాలేదనుకుంటాం. దీనికి విరుగుడు మందు లేదు, వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే సెలైన్లు పెట్టి నిలబెట్టే ప్రయత్నం చేస్తారు. కుక్క ఉన్న ఇంట్లో ఆముదం పిండి సంచి ఉండకూడదు. మాగిన పశువుల ఎరువు వేసినా గులాబీలు పూస్తాయి.

గోడ పునాది వెంబడి వాలుగా, లోతుగా పోయిన గొయ్యి వేరే కథ. కుక్క తల పక్కకు వంచి వింటుంది, ముక్కు లోపల పెట్టి బుస్సుమని గాలి వదులుతుంది, మళ్లీ తవ్వుతుంది. అక్కడ పందికొక్కు ఉందన్నమాట. పాత ఇళ్ల మురుగుకాల్వలు, గోదాములు, కోళ్ల గూళ్ల దగ్గర వాటికి తిండికి లోటుండదు. ఎవరి ఇంట్లోనైనా డాక్స్‌హుండ్ ఉంటే ఇది మరీ ఎక్కువ. జర్మనీలో కలుగుల్లోకి దూరి బ్యాడ్జర్లను పట్టడానికే ఆ పొట్టికాళ్ల జాతిని తయారుచేశారు. దాన్ని ఎలుక జోలికి పోవద్దని ఒప్పించడం కన్నా ఎలుకను ఇంట్లోంచి పంపేయడం తేలిక. గింజలు మూత ఉన్న డబ్బాల్లో పెట్టాలి, చెత్త రాత్రంతా బయట ఉంచకూడదు, తూముకు జల్లెడ బిగించాలి, కలుగులను కంకర, సిమెంటు వేసి మూయాలి. ఎలుకల మందు పెట్టడానికి మాత్రం ఒప్పుకోను. మందు ముద్ద కుక్క తిన్నా, మందు తిని చచ్చిన ఎలుకను తిన్నా ప్రాణం మీదకు వస్తుంది. వానాకాలంలో ఎలుక మూత్రం కలిసిన బురద వల్ల లెప్టోస్పైరోసిస్ కుక్కలకూ వస్తుంది, మనుషులకూ వస్తుంది. ఏటా వేయించే టీకాలో అది కూడా ఉందో లేదో డాక్టరుగారిని అడగమంటాను. ఇంకో మాట. ఎలుకల కోసం నాగుపాములు కూడా ఆ కలుగుల్లోకే వెళ్తాయి. కుక్క ఒక కలుగు దగ్గర ఉన్నట్టుండి వెనక్కి గెంతి మొరుగుతుంటే, చెయ్యి పెట్టి చూడకుండా దాన్ని పక్కకు లాక్కురావాలి.

నాకు బాగా బాధ కలిగించేవి ఏ కారణమూ లేనట్టు పెరడంతా పరుచుకున్న గోతులు. ఉక్కునగరం క్వార్టర్లలో ఇవి ఎక్కువ చూస్తాను. కింది ఇంటికి పెరడుంటుంది, మామిడో మునగో ఉంటుంది, ఏడాది నిండని లాబ్రడార్ ఉంటుంది. స్టీల్‌ప్లాంటులో పనిచేసే ఇంటాయనకు ఈ వారం 'ఏ' షిఫ్టు, వచ్చే వారం రాత్రిపూట 'సి' షిఫ్టు. రాత్రంతా కొలిమి దగ్గర పనిచేసి వచ్చిన మనిషి పొద్దున పడుకుంటాడు. పిల్లలు బడికి పోతారు. ఆ వేళకు కుక్క ఆటకు సిద్ధంగా ఉంటుంది, ఆడేవాళ్లుండరు. దానికి దొరికింది మట్టి ఒక్కటే.

"కట్టేస్తే సరిపోదా మాస్టారూ?" అంటారు. సరిపోదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం లేకుండా చేయడాన్ని నేరంగా చెప్పింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, కట్టేసిన కుక్క తవ్వడం మానితే మొరగడం మొదలుపెడుతుంది.

నేను చేయించేది వేరు. షిఫ్టు ఏదైనా సరే, వెళ్లే ముందో వచ్చాకో అరగంట నడక, అదీ ఈడ్చుకుపోయే నడక కాదు, దానికి నచ్చిన చోటల్లా ఆగి వాసన చూసుకునే నడక. గిన్నెలో వేసే తిండిలో సగం గడ్డిలో చల్లితే వెతుక్కుని తింటుంది. పెరట్లో ఒక మూల నాలుగు ఇటుకలు పేర్చి ఇసుక పోయిస్తాను. బీచ్ ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది, అక్కడినుంచి తేకూడదు కూడా. ఏటి ఇసుకే తెప్పిస్తాను. అందులో దాని బంతి, ఉడికించిన చిలగడదుంప ముక్క కుక్క చూస్తుండగానే సగం పాతుతాను. అది తవ్వి తీసిన క్షణంలో మెచ్చుకుంటాను. తర్వాత కొంచెం లోతుగా పాతుతాను. వేరే చోట తవ్వుతుంటే అరవకుండా పేరుపెట్టి పిలిచి ఇసుక దగ్గరకు తీసుకెళ్లడమే. ఇంట్లో అందరూ ఇలాగే చేస్తే కొన్ని వారాల్లో కుక్క తనంతట తనే ఆ మూలకు పోతుంది. ఒకరు పిలిచి ఒకరు కొడుతుంటే మాత్రం ఎన్నాళ్లైనా కుదరదు.

కొట్టడం గురించి ఇంటింటా అదే వాదన. "తప్పు చేశానని దానికి తెలుసండీ, మొహం చూడండి" అంటారు. న్యూయార్క్‌లో కుక్కల ప్రవర్తన మీద పనిచేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీన్నే పరీక్షించింది. ఆ మొహం కుక్క తప్పు చేసినందుకు రావడం లేదు, యజమాని కోప్పడినందుకు వస్తోందని తేలింది. ఏ తప్పూ చేయని కుక్కలు కూడా తిడితే అదే మొహం పెట్టాయి. రెండు గంటల కిందట తవ్విన గోతికి ఇప్పుడు కొడితే, ఇంటికొచ్చిన మనిషిని చూసి భయపడటం నేర్చుకుంటుంది. గోతిలో కారం చల్లడం, కలరా ఉండలు పడేయడం, నీళ్లు నింపి మూతి ముంచడం, ఇవన్నీ చూశాను. కారం కళ్లు, ముక్కు మండించేస్తుంది. కలరా ఉండ మింగితే విషం. మూతి ముంచడం హింస, అంతే.

గేటు కింద తవ్వినవి వేరు. మగకుక్కైతే, వీధిలో ఎదకొచ్చిన ఆడకుక్క ఉన్నప్పుడు తవ్వుతుంది. దానికి ఆపరేషన్ చేయించడం గురించి డాక్టరుతో మాట్లాడమంటాను. మిగతావి చాలావరకు భయంతో తవ్వినవే. దీపావళి, నాగులచవితి టపాసులు, సముద్రం మీంచి వచ్చే ఉరుములు, ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు. రిహార్సల్స్ రోజుల్లో విమానాలు ఇళ్ల మీదుగా కిందుగా పోతుంటే ఊరి అటు చివర కుక్కలు గేటు కింద మట్టి పీకి రోడ్డు మీద పడతాయి. విన్యాసాల తేదీలు పేపర్లో ముందే వస్తాయి. ఆ రోజుల్లో తెల్లవారుజామునే నడిపించి తీసుకురావాలి. మధ్య గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ వేసి, ఇంట్లో ఒకరు దగ్గర కూర్చోవాలి. మెడకు ఫోన్ నంబరు బిళ్ల కట్టాలి. గేటు కింద రెండు వరసల బండరాళ్లు ముందే పాతి ఉంచాలి.